కల్తీ సారా: ఐసీయూ తలుపు దాకా వచ్చేలోపు

నమస్కారం. ఈ సభలో ఎక్కువమంది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు, నర్సులు, 108 సిబ్బంది. ఐసీయూ వైద్యుడిగా మీతోనే మాట్లాడాలని కోరుకున్నాను. కల్తీ సారా తాగిన మనిషి బతుకు ఎటు తిరుగుతుందో చాలావరకు మా తలుపు దాటకముందే తేలిపోతుంది.

ఒక లెక్క చెబుతాను. 2012లో చెక్ రిపబ్లిక్‌లో మిథనాల్ (ఫ్యాక్టరీల్లో వాడే ఒక రకం ఆల్కహాల్; సారాలో ప్రాణం తీసే కల్తీ ఇదే) కలిసిన మద్యం తాగినవారిలో 121 మంది వివరాలను అక్కడి వైద్యులు నమోదు చేశారు. అందులో 20 మంది ఆసుపత్రికి చేరకుండానే చనిపోయారు. చేరిన 101 మందిలో 21 మంది దక్కలేదు. 60 మంది ఏ లోటూ లేకుండా ఇంటికి వెళ్లారు. తక్కిన 20 మంది బతికారు గానీ చూపో మెదడో దెబ్బతింది. డయాలసిస్ యంత్రాలు, విరుగుడు మందులు ఉన్న దేశంలో వచ్చిన ఫలితమిది. మన దేశంలో కల్తీ సారా తాగి 2019లో అస్సాం తేయాకు తోటల్లో 150 మందికి పైగా, 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయారు. 2020లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. కాబట్టి ఇది మన ఇంటి సమస్యే.

మిథనాల్ తనంతట తాను పెద్ద విషం కాదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తాయి. కంటి నరాన్నీ మెదడునూ కాల్చేది ఆ ఆమ్లం. అది పోగుపడటానికి పన్నెండు గంటలు పట్టవచ్చు, ఒక రోజు పట్టవచ్చు. దానితోపాటు మంచి మద్యం కూడా తాగి ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే రాత్రి తాగినవాడు ఉదయం బాగానే లేస్తాడు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు అంటూ మీ దగ్గరికి వస్తాడు. గ్యాస్ ట్రబుల్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తే, సాయంత్రానికి కళ్ల ముందు పొగమంచు కమ్మిందంటూ, గస పెడుతూ తిరిగొస్తాడు. ఈ రెండు రాకల మధ్య పోయిన గంటలను మా యంత్రాలేవీ తిరిగి తేలేవు.

రక్తం పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 7 కంటే దిగజారి, స్పృహ తప్పి వచ్చినవారిలో మరణాలు చాలా ఎక్కువ. తెలివితో, తన కాళ్ల మీద నడిచి వచ్చినవారిలో ఎక్కువమంది బతుకుతారు.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. ఆ గసను చూసి భయపడకండి. ఒంట్లోని ఆమ్లాన్ని ఊపిరితో బయటికి నెట్టడానికి శరీరం చేస్తున్న పోరాటం అది. అలాంటివారికి మత్తిచ్చి, గొట్టం వేసి, వెంటిలేటర్‌లో నిమిషానికి పద్నాలుగు శ్వాసలు పెడితే ఆ పోరాటాన్ని మనమే ఆపేసినట్టు. నిమిషాల్లో పీహెచ్ ఇంకా పడిపోతుంది, గుండె ఆగుతుంది. గొట్టం తప్పనిసరైతే అంతకుముందు అతను ఎంత వేగంగా, ఎంత లోతుగా ఊపిరి తీస్తున్నాడో ఆ స్థాయిలోనే యంత్రాన్ని నడపాలి. ఆమ్లతను తగ్గించే సోడియం బైకార్బనేట్ ముందే మొదలుపెట్టాలి. ఆమ్లత తగ్గితే ఫార్మిక్ ఆమ్లం కంటిలోకి, మెదడులోకి చొరబడటం కూడా తగ్గుతుంది.

ఇక విరుగుడు. మిథనాల్‌ను విషంగా మార్చే ఎంజైమును అడ్డుకునే ఫోమెపిజోల్ మంచి మందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. కానీ మన జిల్లా ఆసుపత్రుల్లో దొరకడం అరుదు. ఇథనాల్, అంటే మామూలు మద్యంలో ఉండే ఆల్కహాల్, దొరుకుతుంది. ఎంజైమ్ మిథనాల్ కంటే ఇథనాల్‌ వైపే మొగ్గుతుంది కాబట్టి, ఇథనాల్ ఉన్నంతసేపూ విషం తయారీ నిలిచిపోతుంది. "తాగి వచ్చినవాడికి మళ్లీ మద్యమా?" అని బంధువులు నిర్ఘాంతపోతారు. ఓపికగా చెప్పండి. ఇది ఇంట్లో చేసే వైద్యం కాదనీ చెప్పండి. చెక్ రిపబ్లిక్‌లో ఆసుపత్రికి చేరేలోపే వైద్య సిబ్బంది ఇథనాల్ ఇచ్చినవారి పరిస్థితి మెరుగ్గా ఉందని అక్కడి వైద్యులు గమనించారు. రిఫర్ చేసే చీటీతో పాటు మొదటి మోతాదు కూడా మీ దగ్గరే పడాలని నేను అడగడం అందుకే. రక్తంలోని విషాన్ని కడిగే డయాలసిస్ మొదలయ్యాక ఆ యంత్రం ఇథనాల్‌నూ కడిగేస్తుంది. మోతాదు పెంచడం మరిచిపోతే సగం వైద్యం వృథా. ఇది మా ఐసీయూల వారు గోడ మీద రాసి పెట్టుకోవలసిన మాట.

బతికి బయటపడ్డవారిని చూసి సంబరపడే ముందు వారి చూపు పరీక్షించాలి. తొలి వారాల్లో కాస్త తేరుకున్న చూపు తర్వాత మళ్లీ తగ్గిపోవచ్చు. మెదడులో పుటామెన్ అనే భాగం చచ్చుబడి, పార్కిన్సన్ వ్యాధిలాగా ఒళ్లు బిగుసుకుపోయేవారు ఉంటారు. వీరిలో చాలామంది కూలికి వెళ్లి కుటుంబాన్ని పోషించేవారు. డిశ్చార్జి కాగితంలో "కోలుకున్నారు" అని రాసి వదిలేస్తే, రేపు వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో ఆ మనిషి చేతిలో ఏ ఆధారమూ ఉండదు. రెండు కళ్ల చూపునూ కొలిచి అంకెల్లో రాయండి. నెల తర్వాత, ఆరు నెలల తర్వాత మళ్లీ పిలవండి.

ఐసీయూ గణాంకాల్లో ఎప్పటికీ కనిపించని ఆ మొదటి 20 మంది నన్ను ఎక్కువగా కలచివేస్తారు. వారు ఇంట్లోనో దారిలోనో పోయారు. ఒకే డబ్బాలోని సారా ఒక్కరే తాగరు. కాబట్టి మొదటి రోగి రాగానే ఎక్కడ కొన్నాడో, పక్కన ఎవరు కూర్చున్నారో అడగండి. పోలీసులకు మెడికో లీగల్ కేసుగా తెలియజేయండి. కేసవుతుందన్న భయంతో జనం నోరు విప్పరు. వైద్యానికీ కేసుకూ సంబంధం లేదని ముందే భరోసా ఇవ్వండి. ఆ గంటలోనే ఆశా కార్యకర్తలు ఆ వీధికి వెళ్లాలి. కడుపునొప్పి అని ముసుగు తన్ని పడుకున్నవారిని లేపి కూర్చోబెట్టి, కళ్లు ఎలా కనిపిస్తున్నాయని అడగాలి.