కప్ప కన్ను చెప్పిన సాక్ష్యం

శ్రోతలకు నమస్కారం.

మా పెరట్లో బీరపాదు వేశాం. దాని నులితీగ ఒకటి పొద్దున చూస్తే గాలిలో ఊగుతూ ఉంటుంది. సాయంత్రానికి పందిరి పుల్లను అందుకుని రెండు చుట్లు చుట్టేసి ఉంటుంది. పుల్ల ఎక్కడుందో దానికి ఎవరూ చెప్పలేదు. తడుముకుంది, తగిలింది, పట్టుకుంది.

తల్లి కడుపులో బిడ్డ మెదడు తయారవుతున్నప్పుడు నరాల పోగులు కూడా ఇలాగే తడుముకుంటూ వెళ్తాయి. అయితే బీరతీగకు ఏ పుల్ల దొరికినా చాలు. నరం పోగుకు అలా కుదరదు. కంటి నుంచి బయల్దేరిన పోగు చూపు పని చేసే చోటికే పోవాలి. అక్కడ కూడా ఖాళీ ఉన్న చోట ఆగిపోతే సరిపోదు, తన చోటికే పోవాలి. మన ఒక్కో కంటి నుంచి పది లక్షల పోగులు మెదడు వైపు వెళ్తాయి. ఇన్నిటికి దారి ఎవరు చెప్తారు? నాకున్న ఈ కొద్ది నిమిషాల్లో ఆ ప్రశ్నకు జవాబుగా ఒక కప్ప కథ చెప్తాను. కథ అన్నాను గానీ జరిగిన సంగతే.

కప్ప దగ్గరికి వెళ్లేముందు రెండు ముక్కలు. 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్, కోడి పిండాన్ని పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూశాడు. పెరిగే పోగు కొసన చిన్న ఉబ్బు కనిపించింది. చచ్చిన పొరలో చూసి కూడా, బతికున్నప్పుడు అది కదులుతూ, మెత్తగా తోసుకుంటూ ముందుకు పోతుందని ఆయన గ్రహించాడు. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండంలోని చిన్న ముక్కను ఒక బొట్టు ద్రవంలో పెట్టి, పోగు సాగడం కళ్లారా చూశాడు. ఆ కొసకు వేళ్లలాంటివి ఉంటాయి. అవి చాచుకుంటాయి, ముడుచుకుంటాయి, మళ్లీ చాచుకుంటాయి.

నడుస్తుంది, సరే. దారి ఎలా తెలుస్తుంది?

షికాగోలో పాల్ వైస్ అనే పెద్దాయన ఉండేవాడు. పోగులు ఎటుపడితే అటు పోతాయి, తర్వాత వాడుకలో అన్నీ సర్దుకుంటాయి అని ఆయన నమ్మకం. చాలామంది అదే నమ్మారు. ఆయన దగ్గర చదువుకున్న కుర్రవాడు రోజర్ స్పెర్రీ. ఈయన మొదట చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం. ఒక దారిలో బయల్దేరి ఇంకో దారికి వచ్చినవాడే, దారి ఎలా దొరుకుతుందని అడిగాడు.

ఇక కప్ప. కప్పకు ఒక వరం ఉంది. దాని కంటి నరాన్ని కోసేసినా మళ్లీ పెరుగుతుంది, చూపు తిరిగి వస్తుంది. మనకు ఆ వరం లేదు. 1940లలో స్పెర్రీ కప్పల్లోనూ, వాటి చుట్టాలైన న్యూట్‌లలోనూ కంటి నరాన్ని కోశాడు. కోసి ఊరుకోలేదు. కనుగుడ్డును దాని గుంటలోనే తలకిందులుగా తిప్పి పెట్టాడు. పైభాగం కిందికి వచ్చింది, కిందిభాగం పైకి వెళ్లింది. కొన్ని వారాలు ఆగాడు. నరం మళ్లీ పెరిగింది. కప్పకు చూపు వచ్చింది.

ఇప్పుడు కప్పకు తల పైన ఈగను చూపించారు. కప్ప గురిపెట్టింది, నాలుక విసిరింది. పైకి కాదు, కిందికి. ఈగ పైన ఉంది, కప్ప నేలమీద కొట్టింది. ఈగను కింద పెడితే పైకి ఎగిరింది. మళ్లీ చూపించారు, మళ్లీ తప్పింది. వాడుకలో సర్దుకుంటుందన్న మాటే నిజమైతే, ఆకలితో ఉన్న కప్ప నాలుగు రోజులకైనా నేర్చుకోవాలి. నేర్చుకోలేదు. ఎన్నాళ్లు చూసినా నేర్చుకోలేదు.

ఆ తప్పులోనే జవాబు ఉంది. కంటిలో ఒకప్పుడు పైన ఉన్న పోగు, కన్ను తిరగబడినా సరే, మెదడులో తన పాత చోటికే తిరిగి వెళ్లింది. ఇప్పుడు తానున్న చోటు ఏమిటని చూసుకోలేదు. ఎవరి ఇల్లు వాళ్లకు గుర్తున్నట్టు, ప్రతి పోగూ తన ఇంటికే వెళ్లింది. ప్రతి పోగుకూ, అది చేరాల్సిన ప్రతి చోటుకూ రసాయన గుర్తు ఒకటి ఉండి తీరాలని 1963లో స్పెర్రీ రాశాడు. ఆ గుర్తు ఏమిటో ఆయన దగ్గర లేదు. ఉంది అన్న నమ్మకం మాత్రం ఉంది.

గుర్తు దొరకడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 1995లో జర్మనీలో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం దాన్ని పట్టుకున్నాయి. ఇప్పుడు ఆ జాతి పదార్థాలను ఎఫ్రిన్లు అంటున్నారు. అది పనిచేసే తీరు మన వంటింటి ఉదాహరణతో చెప్తాను. వీధి చివరి ఇంట్లో ఎండుమిర్చి మాడిందనుకోండి. ఘాటు ఆ ఇంటి దగ్గర చిక్కగా, వీధి మొదట్లో పల్చగా ఉంటుంది. ఘాటు అసలు పడనివారు వీధి మొదట్లోనే ఆగిపోతారు. కాస్త ఓర్చుకోగలవారు సగం దాకా వెళ్తారు. ఘాటు పెద్దగా అంటనివారు ఆ ఇంటి గుమ్మం దాకా పోతారు. ఎవరూ ఎవరికీ అడ్రస్ చెప్పలేదు. అయినా ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. కంటి పోగులు మెదడులో వరసగా సర్దుకోవడం వెనక ఉన్న ముఖ్యమైన సంగతి ఇదే. ఒక్కో పోగుకు ఆ ఘాటును పసిగట్టే గుణం ఒక్కో మోతాదులో ఉంటుంది.

తరిమేవే కాదు, రమ్మని పిలిచేవి కూడా ఉన్నాయి. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ టెస్సియే-లవీన్ బృందం వేలకొద్దీ కోడి పిండాల మెదళ్ల నుంచి అలాంటి పదార్థాన్ని వేరుచేసింది. దానికి పెట్టిన పేరు నెట్రిన్. ఆ పేరు సంస్కృతంలోని ‘నేతృ’ నుంచి తీసుకున్నారు, అంటే దారి చూపేవాడు. మన ‘నేత’ అన్న మాట అక్కడిదే. మనకు నేత అంటే బట్ట నేయడం కూడా కదా. పోగుల సంగతి చెప్పేటప్పుడు ఈ రెండో అర్థం కూడా వినిపించి నాకు సంతోషంగా ఉంటుంది.

ఇక్కడి నుంచి మన ఇళ్లలోకి వస్తాను. 1981లో స్పెర్రీకి నోబెల్ వచ్చింది, మెదడు రెండు సగాల మీద చేసిన వేరే పనికి. అదే బహుమతిని ఆయనతో పంచుకున్నవారు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్. వీళ్లు పిల్లి కూనల్లో ఒక కన్నును కొన్ని వారాలు మూసి ఉంచి తెరిచారు. కన్ను బాగానే ఉంది. మెదడు మాత్రం ఆ కన్ను మాట వినడం మానేసింది. పెద్ద పిల్లికి అదే చేస్తే ఏమీ కాలేదు.

అంటే పోగును ఇంటి దాకా చేర్చేది రసాయనం. చేరాక, మనలాంటి పాలిచ్చే జీవుల్లో, ఆ ఇల్లు నిలవాలంటే చిన్నప్పుడే రెండు కళ్ల నుంచీ సరైన చూపు అందాలి. మన పిల్లల్లో మెల్లకన్ను ఉంటే, లేదా ఒక కంటికే పవర్ ఎక్కువగా ఉంటే, మెదడు ఆ కన్నును పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

మా మేనత్తకు చిన్నప్పుడు మెల్లకన్ను. అదృష్టం అన్నారు ఇంట్లో అందరూ, ముద్దుగా. నలభై ఏళ్లప్పుడు మంచి కంట్లో నలుసు పడి మూసుకుంటే, రెండో కంటికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా ఆనలేదు. అప్పటికి డాక్టర్ చేయగలిగింది పెద్దగా లేకపోయింది. ఆవిడ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నాకే ఇప్పటికీ బాధ.

అదే నాలుగైదేళ్ల వయసులో అయితే కళ్లజోడు పెట్టి, బాగా కనిపించే కన్నుకు రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి, రెండో కన్నుకు పని నేర్పిస్తారు. పిల్లలు పేచీ పెడతారు, ప్యాచ్ పీకేస్తారు, నిజమే. ఓపిక పట్టాలి. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ వయసు దాటినవారిని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, కొందరికి ఉపయోగపడుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే రేపు పొద్దున ఒక పని చేయండి. ఆటలా ఒక కన్ను మీ అరచేత్తో మూసి బొమ్మ చూపించండి. తర్వాత రెండో కన్ను మూసి చూపించండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే ఏడ్చి చెయ్యి తోసేస్తుంటే, ఆ వారంలోనే కళ్ల డాక్టర్‌కు చూపించండి. నల్లగుడ్డులో తెల్లటి మెరుపు కనిపిస్తే వారం కూడా ఆగవద్దు. ఏమీ తేడా కనిపించకపోయినా బడిలో చేర్చే ముందు ఒక్కసారి పరీక్ష చేయించండి. బొట్టు బిళ్లంత పాపాయి కూడా డాక్టర్ దగ్గర అక్షరాలు చదవనక్కర్లేదు, బొమ్మలు చూస్తే చాలు.

నమస్కారం.