బాలింతకు వచ్చే జ్వరమంతా పాల జ్వరం కాదు: సెప్సిస్‌ను గుర్తించడం, చికిత్స

[తెర మీద: ఇంటి గది, మంచం పక్కన ఉయ్యాల, గోడ గడియారంలో రాత్రి తొమ్మిది.]

వ్యాఖ్యానం: ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన బాలింతకు ఐదో రోజున చలి పుట్టి ఒళ్ళు కాలితే, మన ఇళ్ళలో ముందుగా వినిపించే మాట "పాలు పడుతున్నాయి, అందుకే జ్వరం" అన్నదే. రొమ్ములు గట్టిపడినప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడటం నిజమే కానీ, అది స్వల్పంగా ఉండి సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరాన్ని, అందులోనూ వణుకుతో వచ్చినదాన్ని, పాల ఖాతాలో వేసి తెల్లవారే దాకా ఆగడం ప్రమాదకరం.

ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితిని సెప్సిస్ అంటారు. గర్భధారణ, ప్రసవం, గర్భస్రావం తరువాతి కాలం, ప్రసవానంతర రోజులు, వీటిలో ఎప్పుడు వచ్చినా దాన్ని ప్రసూతి సెప్సిస్‌గానే పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్వచించింది. గర్భిణిలో మూత్రపిండాల ఇన్ఫెక్షన్, నెలలు నిండకముందే ఉమ్మనీరు పోవడం దీనికి దారితీయవచ్చు. ప్రసవం తరువాత గర్భాశయంలో మిగిలిపోయిన మాయ ముక్క, సిజేరియన్ కుట్లు, రొమ్ములో చీము, ఊపిరితిత్తులు మూలం కావచ్చు. సాధారణ కాన్పు కంటే సిజేరియన్ తరువాత ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక, ఈ విషయం మన ఇళ్ళకు దూరమైనదేమీ కాదు.

[తెర మీద: బాలింత ఛాతీ, పొట్ట కదలిక, పక్కన ఫోన్‌లో సెకన్లు.]

వ్యాఖ్యానం: గర్భిణికి నాడి మామూలుగానే కాస్త వేగంగా ఉంటుంది, రక్తంలో తెల్లకణాలు కూడా పెరుగుతాయి. అందువల్ల తొలి లక్షణాలు సహజమైన మార్పుల చాటున దాగిపోతాయి. ఇంట్లో ఎవరైనా చూడగలిగిన నమ్మకమైన గుర్తు శ్వాస. ఆమె పడుకుని ఉన్నప్పుడు, లెక్కిస్తున్నామని చెప్పకుండా (చెబితే శ్వాస తీరు మారిపోతుంది), పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో ఒక పూర్తి నిమిషం చూడండి. అది 20 దాటితే వైద్యుడికి చెప్పాలి. 25 చేరితే ఇక ఫోన్ చేయవలసింది 108కే. మాట తడబడటం, అయోమయం, చేతులు కాళ్ళు చల్లబడటం, పురిటి స్రావం దుర్వాసన రావడం, మందులకు లొంగని కడుపునొప్పి కూడా అంతే తీవ్రమైనవి.

మూత్రం తగ్గడం మరో ముఖ్యమైన సూచన. పొట్ట పెరుగుతుందన్న భయంతో బాలింతకు నీళ్ళు కొలిచి ఇచ్చే ఇళ్ళలో ఈ సూచనను ఎవరూ పట్టించుకోరు. ఆ పథ్యం వల్ల మేలు లేదు సరికదా, ఇలాంటి సమయంలో కీడే జరుగుతుంది. జ్వరం లేదన్న ధైర్యం కూడా పనికిరాదు. పారాసిటమాల్ మాత్ర జ్వరాన్ని దించి జబ్బును కప్పిపెట్టగలదు. కొందరిలో ఒళ్ళు వేడెక్కడానికి బదులు 96.8 డిగ్రీల కంటే చల్లబడుతుంది. ఆశా కార్యకర్త 3వ రోజున, 7వ రోజున ఇంటికి వస్తుంది కానీ, ఆ నడుమ మొదలైన జ్వరం ఆమె రాక కోసం ఆగదు.

[తెర మీద: లేబర్ వార్డు, సెలైన్, రక్త నమూనా సీసాలు.]

వ్యాఖ్యానం: సెప్సిస్ అన్న బలమైన అనుమానం కలిగాక ఆసుపత్రిలో మొదటి గంట అత్యంత కీలకమైనది. కల్చర్ పరీక్షకు (ఏ క్రిమి సోకిందో తేల్చే పరీక్ష) రక్తం తీసి, లాక్టేట్ (అవయవాలకు రక్తం, ఆక్సిజన్ సరిగా అందుతున్నాయో లేదో సూచించే రక్తపరీక్ష) చూసి, గంటలోపే నరం ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి. కల్చర్ ఫలితం కోసం మందు ఆపకూడదు. సెలైన్‌ను విడతలుగా, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో గమనిస్తూ ఎక్కించాలి. గుర్రపువాతం (గర్భిణికి రక్తపోటు బాగా పెరిగి వచ్చే జబ్బు) ఉన్నవారిలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. అప్పటికీ పడిపోయిన రక్తపోటు పెరగకపోతే, దాన్ని పెంచే మందైన నార్‌అడ్రినలిన్‌తో పాటు ఐసీయూ సంరక్షణ కావాలి. ఇరవై వారాలు దాటిన గర్భిణిని వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టాలి. మాయ ముక్క లోపల ఉన్నా, కుట్ల కింద చీము పట్టినా, దాన్ని తొలగించనంత వరకు ఎంత ఖరీదైన మందైనా పూర్తిగా పనిచేయదు. ఆ వసతి లేని చోట మొదటి డోసు ఇచ్చి, సెలైన్ కొనసాగిస్తూనే పెద్ద ఆసుపత్రికి పంపాలి.

వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, మాతాశిశు సంరక్షణ కార్డు వెంట తీసుకెళ్ళి, కాన్పు ఏ రోజున అయిందో, ఏ మాత్ర ఎప్పుడు వేశారో చెప్పండి. ఇంట్లో ఎవరికైనా, ముఖ్యంగా పిల్లలకు, గొంతు నొప్పి ఉంటే అదీ చెప్పాలి. ఎందుకంటే గ్రూప్-ఏ స్ట్రెప్టోకాకస్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా గొంతు నుంచి చేతుల మీదుగా బాలింతకు చేరగలదు. తల్లిలో ఆ బ్యాక్టీరియా బయటపడితే, బిడ్డ హుషారుగా పాలు తాగుతున్నా సరే, అదే రోజున పిల్లల వైద్యుడికి చూపించాలి.