సంతకం ఇవాళే పెట్టాలా?

అందరికీ నమస్తే. ఉద్యోగం పోయిన రోజు హెచ్ఆర్ గదిలో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. బల్ల మీద నాలుగు పేజీలు పెడతారు. "కొంత అదనంగా ఇస్తున్నాం, ఇక్కడ సంతకం చేయండి" అంటారు. అదే సెటిల్‌మెంట్ అగ్రిమెంట్. ఆ డబ్బు జాలిపడి ఇచ్చేది కాదండీ. ఇక మీ మీద కేసు వేయను అని మీరిచ్చే మాటకు వాళ్లు కట్టే వెల అది.

ఇక్కడ నాకు ముఖ్యం అనిపించేది అంకె కాదు, గడువు. ఎందుకో ఒక కేసు చెబుతా.

అమెరికాలోని లూసియానాలో ఒక విద్యుత్ ప్లాంటు ఉద్యోగిని. పని మెరుగుపరుచుకుంటావా, డబ్బు తీసుకుని వెళ్తావా అని అడిగారు. ఆలోచించుకోవడానికి 14 రోజులిచ్చారు. ఆవిడ సంతకం పెట్టి, విడతలుగా 6,258 డాలర్లు తీసుకుంది. తర్వాత, వయసు చూసి నన్ను సాగనంపారని కోర్టుకెళ్లింది. "మా డబ్బు తిరిగివ్వకుండా కేసా?" అంది కంపెనీ. వినడానికి న్యాయంగానే ఉంది కదా!

కానీ అక్కడ 1990లో వచ్చిన చట్టం ప్రకారం, 40 ఏళ్లు నిండినవాళ్లు వయసు వివక్ష కేసు వేసే హక్కు వదులుకోవాలంటే కనీసం 21 రోజులివ్వాలి. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి ఇంకో 7 రోజులు. ఆ కాగితంలో ఈ 7 రోజుల మాటే లేదు. వయసు వివక్ష చట్టం పేరూ లేదు. 1998లో సుప్రీంకోర్టు తేల్చేసింది: డబ్బు దగ్గర ఉంచుకునే కేసు నడుపుకోవచ్చు.

బ్రిటన్ దారి వేరు. 1996 చట్టం ప్రకారం, అన్యాయంగా తీసేశారనే కేసు వదులుకుంటూ ఇలా సంతకం పెట్టాలంటే ముందు కంపెనీతో సంబంధం లేని సలహాదారుతో మాట్లాడాల్సిందే. లేకపోతే ఆ మాట చెల్లదు. లాయరే కానక్కర్లేదు, అర్హత ఉన్న యూనియన్ ప్రతినిధి అయినా చాలు. ఫ్రాన్స్‌లో ఇద్దరూ ఒప్పుకుని విడిపోతే, సంతకం తర్వాత 15 రోజుల్లోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. ఎవరైనా అంటే కంపెనీ కూడా!

ఇంకో సంగతి. మీకు ఎలాగూ రావాల్సిన జీతాన్నే "సెటిల్‌మెంట్" అని పేరు మార్చి ఇస్తుంటారు. నాకైతే ఇదే అన్నిటికంటే చిరాకు. అమెరికా చట్టం ఇక్కడ సూటిగా చెప్పింది: ఇచ్చేది, అప్పటికే రావాల్సినదానికి పైన ఉండాలి. అందుకే కాగితం చేతికి రాగానే మొత్తం ఎంత అని కాదు, అందులో కొత్తగా ఇస్తున్నది ఎంత అని అడగండి.

అన్నట్టు, ఆ ఉద్యోగిని గెలిచింది వయసు వివక్ష కేసు వేసే హక్కు వరకే. అదే సంతకంతో వదులుకున్న మిగతా హక్కుల జోలికి ఆ తీర్పు వెళ్లలేదు.