పిల్లలతో వండర్‌లా: టికెట్ కొనేముందు టేపు తీయండి

నమస్కారం అండీ. వేసవి సెలవులొచ్చాయంటే హైదరాబాద్ ఇళ్ళల్లో పిల్లలు ఎత్తుకునే పాట ఒకటే, "వండర్‌లాకి ఎప్పుడెళ్దాం?" అని. వండర్‌లా అంటే పెద్ద రైడ్లు, నీళ్ళ ఆటలు ఉండే అమ్యూజ్‌మెంట్ పార్కు. ఈ వీడియో ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన అమ్మానాన్నల కోసం. ఏ రైడ్‌లో గుండె ఎంత జారుతుందో చూపించే వీడియోలు బోలెడున్నాయి. మనం మాట్లాడుకునేది మూడేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, వెంట ఒక నాన్నమ్మ, ఇలాంటి జట్టు గురించి. వీళ్ళందరినీ పొద్దున లోపలికి తీసుకెళ్ళి సాయంత్రం నవ్వు ముఖాలతో బయటికి తీసుకురావాలి. అదీ లెక్క.

మొట్టమొదట టేపు తీయండి. ఇక్కడ పిల్లల టికెట్‌కి వయసుతో పని లేదు, ఎత్తే లెక్క. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్ లేదు. 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్. 140 దాటితే పన్నెండేళ్ళ పిల్లాడైనా పెద్దవాళ్ళ టికెట్టే. ఆన్‌లైన్‌లో వయసు చూసుకుని టికెట్ తీసేస్తే గేటు దగ్గర తేడా కట్టాల్సి వస్తుంది, పొద్దున్నే ఆ వాదన మనకొద్దు.

ఎలా కొలవాలో చూడండి. చెప్పులు విప్పించండి. జడ, పిలక, క్లిప్పులు తీసేయండి. మడమలు, పిరుదులు, తల వెనక భాగం గోడకి ఆనాలి, చూపు నేరుగా ముందుకి ఉండాలి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి నెత్తిమీద పెట్టి, గోడకి సరిగ్గా మూల కుదిరేలా నొక్కి, పుస్తకం కింద పెన్సిల్‌తో గీత గీయండి. నేల నుంచి ఆ గీత దాకా కొలవండి. పొద్దున లేచినప్పటి కంటే సాయంత్రానికి మనిషి ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గుతుంది. అందుకని గీతకి దగ్గరగా ఉన్న పిల్లల్ని సాయంత్రం కూడా ఓసారి కొలిచి, టికెట్‌కి రెండిట్లో ఎక్కువది, రైడ్లకి తక్కువది లెక్కలో పెట్టుకోండి.

టికెట్ సంగతి ఒక్కటే కాదు, ఏ రైడ్ ఎక్కొచ్చో తేల్చేదీ ఆ ఎత్తే. ప్రతి రైడ్ ముందు ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది. పెద్ద రైడ్లలో భుజాల మీదకి దిగే పట్టీ, ఒళ్ళో పడే రాడ్ ఒక కొలత ఒంటికి తయారు చేసినవి. అంతకంటే చిన్న ఒళ్ళైతే రాడ్‌కీ తొడకీ మధ్య ఖాళీ మిగులుతుంది. రైడ్ తలకిందులయ్యే క్షణంలో పిల్లల్ని పట్టి ఉంచేవి ఆ పట్టీ, ఆ రాడే. కాబట్టి రెండు సెంటీమీటర్లు తక్కువున్నాడని ఆపరేటర్ ఆపితే బతిమాలకండి. ఆ మనిషి చేస్తున్నది మన పిల్లల కోసమే.

మన జట్టులో పాప 95, బాబు 127 అనుకుందాం. వీళ్ళిద్దరికీ ఆ పార్కు రెండు వేరే పార్కులు. పాపకి చిన్న పిల్లల రైడ్లు, లోతు లేని నీళ్ళు. బాబుకి అంతకంటే చాలా ఎక్కువే దొరుకుతాయి గానీ అన్నీ కాదు. ముందుకి దూకి, గుండ్రంగా తలకిందులై తిరిగి, అదే పట్టాల మీద వెనక్కొచ్చే రికాయిల్ అనే రోలర్ కోస్టర్ లాంటి వాటి ముందు బోర్డు చూశాకే మాటివ్వండి. ఈ సంగతి ఇంట్లోనే చెప్పండి, ముందు రాత్రి. అరగంట లైన్లో నిలబడ్డాక "నువ్వు ఎక్కకూడదు" అని వింటే ఏ పిల్లాడైనా ఏడుస్తాడు. ఆ ఏడుపు తప్పంతా మనదే.

ఇక పొద్దున. వండర్‌లా 2016లో రావిర్యాల దగ్గర మొదలైంది, ఔటర్ రింగ్ రోడ్ ఎగ్జిట్ 13. గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవాళ్ళకి శంషాబాద్, ఆ తర్వాత తుక్కుగూడ దాటాక వచ్చేది ఇదే. తుక్కుగూడ దగ్గరే దిగిపోకండి. టూవీలర్ మీద వచ్చేవాళ్ళని ఔటర్ మెయిన్ రోడ్డు మీదకి రానివ్వరు, సర్వీస్ రోడ్డే పట్టుకోవాలి. గేటు తెరవడానికి కనీసం ఇరవై నిమిషాల ముందు అక్కడుండండి. బ్యాగు చెకింగ్, టికెట్ స్కానింగ్ అయ్యేసరికి ఆ టైమ్ అయిపోతుంది.

లోపల అడుగు పెట్టగానే పిల్లలు నీళ్ళ వైపు పరిగెడతారు. ఆపండి. వాటర్ రైడ్లు గేటుతో పాటు మొదలవ్వవు, మధ్యాహ్నానికి మొదలై పార్కు మూసేకంటే ముందే ఆగిపోతాయి. ఆ రోజు టైమింగ్స్ లోపలున్న బోర్డు మీద చూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పొద్దున మొదటి గంటన్నర పొడి రైడ్లకి బంగారం లాంటి టైమ్. అందరూ గేటు దగ్గరున్న మొదటి రైడ్ ముందే గుమిగూడతారు, మీరు పార్కు చివరికి నడిచి అక్కణ్ణుంచి వెనక్కి రండి. పెద్దవాళ్ళు ఇద్దరుంటే విడిపోండి. ఒకరు బాబుతో, ఒకరు పాపతో. ఫలానా టైమ్‌కి ఫలానా చోట అని ముందే అనుకోండి. ఆ గోలలో ఫోన్ రింగ్ వినపడదు.

ఫాస్ట్‌ట్రాక్ గురించి చాలామంది అడుగుతుంటారు. మామూలు టికెట్ కంటే బాగా ఎక్కువ పెట్టి లైను తప్పించుకోవడం అది. మా మాట సూటిగా చెప్తాం: పిల్లలందరూ 120 లోపు ఉంటే తీసుకోకండి. పొడుగు లైన్లుండేది పెద్ద రైడ్లకే, వాటిని మీ పిల్లలు ఎక్కరు. 140 దాటిన పిల్లలతో ఆదివారమో పండగ రోజో వెళ్ళక తప్పదనుకుంటే అప్పుడు ఆలోచించండి. అంతకంటే మామూలు టికెట్‌తో మంగళవారమో బుధవారమో వెళ్తే అందరికీ హాయి. డబ్బులు కూడా మిగులుతాయి.

ఇప్పుడు బట్టలు. అమ్మలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. నీళ్ళలోకి నైలాన్, పాలిస్టర్, లైక్రా బట్టలతోనే రానిస్తారు. కాటన్ చుడీదార్, చీర, జీన్స్‌తో రానివ్వరు. కారణం ఉంది. కాటన్ దారాలు ఊడి ఫిల్టర్లకి అడ్డం పడతాయి. తడిసిన కాటన్ బరువెక్కి స్లైడ్ మధ్యలో మనిషిని ఆపేస్తుంది, వెనకొచ్చేవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. జిప్పులు, లోహపు గుండీలు స్లైడ్ ఫైబర్‌ని గీరేస్తాయి. లోపల షాపులో కాస్ట్యూములు అమ్ముతారు గానీ సైజు, రంగు దొరికిందే తీసుకోవాలి. ఇంటి నుంచే తెచ్చుకోండి. పిల్లలకి ఫుల్ హ్యాండ్స్ లైక్రా చొక్కా ఐతే ఎండ దెబ్బ సగం తప్పుతుంది.

రంగు కూడా చూసి కొనండి. నీలం, తెలుపు, బూడిద రంగులు నీళ్ళలో కలిసిపోతాయి, రెండడుగుల లోతులోనే పిల్ల కనపడదు. ముదురు నారింజ, చిలక పచ్చ, రాణీ పింక్ దూరం నుంచే కంట్లో పడతాయి. పట్టీలు, గొలుసులు, గాజులు ఇంట్లోనే తీసేయండి. బంగారం పోతుందన్న భయం ఒకటైతే, స్లైడ్‌లో పట్టీ ఇరుక్కుని చీలమండ కోసుకోవడం ఇంకోటి. పసివాళ్ళకి మామూలు డైపర్ వద్దు. అది నీళ్ళు పీల్చి ఉబ్బి, చిరిగి, లోపలి జెల్ అంతా పూల్‌లో కలుస్తుంది. స్విమ్ డైపర్ అని విడిగా దొరుకుతుంది, రెండు పెట్టుకోండి.

ఇక వేవ్ పూల్. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, రోజు మొత్తంలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిన చోటు ఇదే. చూడ్డానికి సముద్రపు ఒడ్డులా ఉంటుంది. నేల వాలుగా ఉంటుంది, నడుస్తున్న కొద్దీ లోతు పెరిగేది తెలియదు. అలలు కాసేపు వచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలవుతాయి. అలలు లేనప్పుడు నడుము లోతులో హాయిగా నిలబడ్డ బాబు, అలలు మొదలవగానే గడ్డం దాకా మునుగుతాడు. పైకి లేపే అల కంటే వెనక్కి లాగే నీళ్ళతోనే ప్రమాదం. కాలి కింద పట్టు పోతుంది, వెల్లకిలా పడతారు, పైకి లేచేలోపు ఇంకో అల వచ్చేస్తుంది, చుట్టూ పెద్దవాళ్ళ కాళ్ళు.

ఇంకో మాట బాగా గుర్తుపెట్టుకోండి. మునిగే పిల్లలు అరవరు. చేతులూపి "అమ్మా" అని పిలవరు, నోట్లో నీళ్ళుంటే పిలవడానికి ఊపిరి ఉండదు. నోరు నీళ్ళ మట్టానికి కిందా పైనా అవుతూ, తల వెనక్కి వాలి, చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. లైఫ్‌గార్డ్ ఉన్నా వందల మందిలో మీ పాపని కనిపెట్టుకోవాల్సింది మీరే. కొలత ఏంటంటే, చెయ్యి చాపితే అందాలి. అంతకంటే దూరంలో ఉంటే దగ్గరికి జరగండి. లైఫ్ జాకెట్ వేస్తే కాళ్ళ మధ్య పట్టీ ఉంటే అది కూడా బిగించండి, లేకపోతే జాకెట్ పైకి తేలి పిల్ల కిందికి జారుతుంది. భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి పైకొస్తే అది పెద్ద సైజు, మార్చండి. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఫోన్ చూసే పెద్దమనిషిని కాపలా కింద లెక్కేయకండి.

నీళ్ళలో ఆడే చోటికి వెళ్ళేముందు చెప్పులు బయట వదలాలి. వేసవిలో ఒంటిగంటకి ఆ నేల కాలిపోతూ ఉంటుంది, పసి అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. పాపని ఎత్తుకోండి, లేదా తడి ఉన్న దారినే నడిపించండి. అందరి చెప్పులూ ఒకేలా ఉంటాయి కాబట్టి మీ వాటికి ఎర్ర రిబ్బన్ ముక్క కట్టేయండి.

తిండికొస్తే, బయటి తిండి లోపలికి రానివ్వరు. పసిపిల్లల తిండి మాత్రం గేటు దగ్గర చూపించి అడగండి. భోజనం పన్నెండుకే, జనం రాకముందే కానిచ్చేయండి. తిన్నాక ముప్పావుగంట దాకా గిర్రున తిరిగే రైడ్లు వద్దు. ఒళ్ళు తిరుగుతోందని చెవి లోపలి ద్రవం చెబుతుంది, ఎదురుగా సీటు కదలట్లేదని కన్ను చెబుతుంది, ఆ రెండిటి గొడవలోనే కడుపులో తిప్పుతుంది. పిల్లాడు పాలిపోయి మాటలు తగ్గించాడంటే వాంతి రాబోతోందని గుర్తు. నీడలో కూర్చోబెట్టి దూరంగా కదలని చెట్టునో స్తంభాన్నో చూడమనండి.

నీళ్ళలో ఆడేవాళ్ళకి చెమట తెలియదు, దాహం కూడా వెయ్యదు. అందుకని అడక్కుండానే అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి. ఓఆర్ఎస్ కలిపితే పెద్ద ప్యాకెట్ మొత్తం సరిగ్గా లీటరు నీళ్ళలోనే కలపాలి. చిన్న బాటిల్‌లో అందాజుగా సగం పొడి పోస్తే ఉప్పు ఎక్కువై చేటు చేస్తుంది. కలిపింది ఒక రోజులోపే వాడాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించి అమ్మే తీపి డ్రింకులు వేరు. వాటి మీద ఏళ్ళ తరబడి పోరాడింది హైదరాబాద్‌కి చెందిన ఒక పిల్లల డాక్టరే, 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

బ్యాగు సంగతి. లాకర్‌లో పెట్టేది ఒకే సంచి, దాంట్లో మూడు కవర్లు. ఒక్కో మనిషికి ఒక జత పొడి బట్టలు, లోపలి బట్టలతో సహా చుట్టచుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఒక కవర్లో. పల్చటి తువ్వాళ్ళు రెండో కవర్లో, లావు టవల్ ఆరదు, సంచి నింపేస్తుంది. మూడోది ఖాళీ కవరు, తడి బట్టలకి. లాకర్ తాళం తాడుతో మెడలో వేసుకోకండి, స్లైడ్‌లో చిక్కుకుంటుంది. సేఫ్టీ పిన్నుతో జేబు లోపలికి గుచ్చేయండి. పాప ముంజేతి లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో మీ నంబరు రాయండి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ చూసి మళ్ళీ దిద్దండి. తప్పిపోతే యూనిఫాం వేసుకున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళి చెయ్యి చూపించమని నేర్పండి.

ఏ ఇంటికి సరిపోతుందో కూడా చెప్పేస్తాం. పెద్ద పిల్లలు 120 దాటి ఉంటే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది, రోజంతా చాలదు. ఇంట్లో ఉన్నది 90 లోపు ఒక్క పసిపిల్లే ఐతే ఏడాది రెండేళ్ళు ఆగండి, పెద్దవాళ్ళ టికెట్లు రెండు పెట్టి గంట ఆడించి రావడం అవుతుంది. నాన్నమ్మకి సీనియర్ సిటిజన్ టికెట్ ఉందేమో బుక్ చేసేటప్పుడు చూడండి, ఆధార్ వెంట పెట్టండి. అలాగే ఆవిడకి నీడలో ఒక చోటు ముందే చూసిపెట్టండి. అందరూ వచ్చి కలుసుకునే చోటు కూడా అదే పెట్టుకుంటే ఆవిడ ఒంటరిగా కూర్చున్నట్టుండదు.

వాటర్ రైడ్లు ఆగడానికి ముప్పావుగంట ముందే పిల్లల్ని బయటికి తీయండి. ఆగాక వస్తే షవర్ల దగ్గర, బట్టలు మార్చుకునే గదుల దగ్గర జనమంతా ఒక్కసారే పడతారు, తడి బట్టల్లో పిల్లలు వణుకుతూ నిలబడాలి. మంచినీళ్ళతో తల, ఒళ్ళు కడగండి, క్లోరిన్ ఉండిపోతే రాత్రికి దురద. చెవులు తువ్వాలు కొసతో బయటివైపే అద్దండి, లోపలికి ఏదీ దూర్చకండి. పొడి బట్టలు వేశాక అప్పుడు మళ్ళీ చిన్న రైడ్లు తిప్పండి, ఆ టైమ్‌కి లైన్లు పల్చబడి ఉంటాయి. కార్లో పిల్లలు సీట్లో కూర్చోగానే నిద్రపోతారు. వాళ్ళని ఒళ్ళో పడుకోబెట్టుకోకుండా, సీట్లోనే బెల్టు పెట్టి, మెడ కింద ఆ పల్చటి తువ్వాలు మడిచి పెట్టండి.