వీపు సంచిలో ప్రథమ చికిత్స

సభకు నమస్కారం.

వానాకాలం రాగానే మన హనుమకొండ, వరంగల్ యువతీయువకులు వీపున సంచి తగిలించుకొని బొగత, ముత్యంధార జలపాతాలకు, పాండవుల గుట్టలకు, పాకాల అడవులకు బయలుదేరడం చూస్తే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. అయితే ఆ సంచుల్లో సెల్‌ఫోన్ ఛార్జరుకు దొరికిన చోటు గాయానికి కట్టే గుడ్డకు దొరకడం లేదన్నది నా బాధ.

ఏమేమి పెట్టుకోవాలో నిర్ణయించే ముందు, దెబ్బ తగిలిన చోటు నుంచి వైద్యుని వద్దకు చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కించండి. బొగత నుంచి వరంగల్‌కు సుమారు 140 కిలోమీటర్లు. ముత్యంధార వంటి చోట్ల వాహనం ఎక్కే ముందే మనిషిని అడవి బాటలో మోసుకురావాలి, మధ్యలో వాగులు దాటాలి. 2023 జూలైలో అక్కడికి వెళ్లిన పర్యాటకులు వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోతే, జాతీయ విపత్తు స్పందన దళం వచ్చి వారిని బయటకు తీసుకురావలసి వచ్చింది. కాబట్టి పగటి నడకకు వెళ్లినా ఒక రాత్రికి సరిపడా సిద్ధపడాలి.

నడిచేవారికి ఎక్కువగా వచ్చే కష్టం పాదాలదే. చెప్పు ఒరిసి మడమ ఎర్రబడగానే, బొబ్బ లేవకముందే, అక్కడ కాగితపు టేపు అంటించాలి. ముల్లు తీయడానికి సన్నని పట్టకారు, గాయం కడగడానికి శుభ్రమైన నీరు, క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ మందు, గాజుగుడ్డ, కత్తెర ఉండాలి. ఆరు అంగుళాల వెడల్పున్న క్రేప్ బ్యాండేజీలు, అంటే సాగే గుడ్డ కట్లు, రెండు తప్పనిసరి. బెణికిన చీలమండకు, విరిగిందేమోనని అనుమానం ఉన్న చేతికి, రక్తం కారే గాయంపై ఒత్తి పట్టడానికి అవే పనికి వస్తాయి.

పాము కాటు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే తెలియక చేసే పనులు ప్రాణం మీదికి తెస్తాయి. తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పాము కోసం వెతుకుతూ సమయం పోగొట్టకూడదు. వాపు రాకముందే ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేసి, కాటుపడిన కాలికో చేతికో కర్ర ఆనించి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు, కదలకుండా వదులుగా కట్టాలి. ఆ మనిషిని నడిపించకుండా మోసుకొని తేవాలి. విషానికి విరుగుడు మందు వల్ల తీవ్రమైన అలర్జీ రావచ్చు కనుక దానిని ఆసుపత్రిలోనే ఇస్తారు. అది సంచిలో మోసుకెళ్లే వస్తువు కాదు.

గుట్టల రాతి అంచులకు తేనెపట్లు ఉంటాయి. తేనెటీగ ముల్లు దిగితే గోటితో వెంటనే గీకి తీసేయాలి. దురదకు సెటిరిజిన్ మాత్ర చాలు, కానీ ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ పెట్టుకోండి. వానాకాలపు జ్వరం డెంగీ అయ్యే అవకాశం ఉంటుంది కనుక ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఓఆర్ఎస్ పెద్ద పొట్లాన్ని పూర్తిగా ఒక లీటరు నీటిలో కలపాలి; గ్లాసుకు కొంచెం కొంచెం వేస్తే ఉప్పు, చక్కెరల పాళ్లు తప్పుతాయి. బీపీ, షుగర్, ఉబ్బసం ఉన్నవారు తమ మందులను రెండు రోజులకు అదనంగా తెచ్చుకోవాలి, అవి ఏ జేబులో ఉన్నాయో తోటివారికి చెప్పాలి.

మిగతా వస్తువులు తేలికైనవే: తలకు పెట్టుకునే టార్చి, ఈల, అగ్గిపెట్టె, పిన్నీసులు, సూదీదారం, దోమల మందు, తాగునీటిని శుద్ధి చేసే క్లోరిన్ మాత్రలు, పెద్ద తువ్వాల. మన తువ్వాల చేతికి వేలాడే కట్టుగానూ, నీరు వడగట్టే గుడ్డగానూ, ఎండకు తలపాగాగానూ పనిచేస్తుంది. దానికంటే విలువైన గుడ్డ నాకు తెలియదు. ఇవన్నీ నీరు చొరని సంచిలో వేసి, బట్టల అడుగున కాక పై జేబులోనే ఉంచండి. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కనుక వెళ్లే దారి, తిరిగి వచ్చే సమయం కాగితంపై రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

బల్ల మీద క్రేప్ బ్యాండేజీలు, కర్రలు ఉంచాము. ఇద్దరిద్దరుగా ముందుకు వచ్చి ఒకరి కాలికి మరొకరు కట్టి చూడండి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా విప్పి మళ్లీ వదులుగా కట్టండి.