సీటీ స్కాన్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు వద్దు? – వరంగల్ నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. సీటీ స్కాన్ మీద మీ సందేహాలకు జవాబు చెప్పడానికి రేడియాలజీ డాక్టరమ్మ మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

నర్సంపేట శ్రోత: నమస్తే మేడమ్. మా బాబుకు ఆరేళ్లు. నిన్న సాయంత్రం ఆడుకుంటూ అరుగు మీద నుంచి పడ్డాడు. నుదుటి మీద బొప్పి కట్టింది. హన్మకొండ తీసుకుపోయి తలకు స్కాన్ తీయించమని మా మామయ్య అంటున్నారు. నిన్నటి నుంచి ఒకటే టెన్షన్.

డాక్టర్: అరుగు ఎంత ఎత్తుంటుందమ్మా?

శ్రోత: నా నడుం దాకా కూడా రాదు మేడమ్.

డాక్టర్: పడగానే స్పృహ తప్పిందా? వాంతులయ్యాయా?

శ్రోత: లేదు మేడమ్, వెంటనే ఏడ్చాడు. రాత్రి అన్నం కూడా తిన్నాడు. ఇప్పుడు టీవీ చూస్తున్నాడు, మంచిగనే మాట్లాడుతున్నాడు.

డాక్టర్: మీరు చెప్పినదాన్ని బట్టి స్కాన్ అవసరం కనబడటం లేదు. అయినా నేను ఫోన్‌లో విన్నదే కదా, అక్కడే పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. మళ్లీ మళ్లీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, చెవిలోంచో ముక్కులోంచో నీరు కారినా ఆలోచించొద్దు. నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకురండి.

శ్రోత: ఒక్కసారి తీయిస్తే మాకు నిమ్మళంగా ఉంటది కదా మేడమ్?

డాక్టర్: మీ బాధ నాకు అర్థమైందమ్మా. కానీ సీటీ అంటే ఎక్స్‌రేలే. తల చుట్టూ యంత్రం తిరుగుతూ ఎన్నో కోణాల నుంచి తీస్తుంది. తల స్కాన్‌కు సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది, మిల్లీసీవర్ట్ అంటే ఒంటికి పడే రేడియేషన్‌ను కొలిచే లెక్క. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాది మొత్తంలో ప్రపంచ సగటున వచ్చేది 2.4. దాదాపు ఏడాదిది కొన్ని సెకన్లలో పడుతుందన్నమాట. పెద్దవాళ్లకైతే దీన్ని నేను పెద్దగా పట్టించుకోను. పిల్లల ఒంట్లో కణాలు ఇంకా వేగంగా పెరుగుతుంటాయి, వాళ్ల ముందు బోలెడు జీవితం ఉంది. అందుకే ముందు ముందు క్యాన్సర్ వచ్చే ముప్పు, చిన్నదే అయినా, పిల్లలకు ఎక్కువ. అవసరం పడితే నేనే తీస్తాను. మన నిమ్మళం కోసం మాత్రం పిల్లాడికి వద్దు. ఇంకో మాట. స్కాన్ రాయలేదంటే డాక్టర్ పట్టించుకోలేదని చాలామంది అనుకుంటారు. పిల్లాడిని బాగా పరీక్షించి వద్దన్న డాక్టర్‌ను నమ్మండి.

యాంకర్: భూపాలపల్లి నుంచి మరొకరు. చెప్పండి.

భూపాలపల్లి శ్రోత: మేడమ్, మా అత్తమ్మకు గంట కింద మూతి వంకర పోయింది. కుడి చెయ్యి లేస్తలేదు. పసరు మందు పోయిద్దామంటున్నారు. స్కాన్‌కు రేపు పొద్దున తీసుకుపోవచ్చా?

డాక్టర్: రేపు కాదమ్మా, ఇప్పుడే! నోట్లో ఏమీ పోయొద్దు, మాత్ర కూడా వేయొద్దు. ఫోన్ పెట్టేసి 108కు చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో డాక్టర్లకు చెప్పండి.

యాంకర్: పెట్టేశారు మేడమ్.

డాక్టర్: మంచిది. వినేవాళ్లందరికీ చెబుతున్నాను. ఇవి పక్షవాతం లక్షణాలు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పైకి ఒకేలా కనబడుతుంది. రక్తం కారిందో లేదో సీటీలో నిమిషాల్లో తెలుస్తుంది. నాళాన్ని మూసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అందులోనూ ఎంత ముందిస్తే అంత మేలు. రక్తం కారుతున్న మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు స్కాన్. ఇక్కడ రేడియేషన్ గురించి ఆలోచించేదే లేదు.

యాంకర్: జమ్మికుంట నుంచి అన్న లైన్‌లో ఉన్నారు.

జమ్మికుంట శ్రోత: నమస్తే మేడమ్. మా బాపుకు కడుపు సీటీ రాశారు, సూది మందు ఇచ్చి తీస్తారట. ఆ మందుతో కిడ్నీలు పోతాయని ఊళ్లో అంటున్నారు. బాపుకు షుగర్ ఉంది.

డాక్టర్: కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఎంత వచ్చింది?

శ్రోత: 1.0 అని ఉంది మేడమ్.

డాక్టర్: అయితే భయం అక్కర్లేదు. అది అయోడిన్ మందు, కిడ్నీల గుండానే బయటికి పోతుంది. కిడ్నీలు ముందే బాగా దెబ్బతిన్నవాళ్ల విషయంలో మేం జాగ్రత్త పడతాం. మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుంది, అది మామూలే. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే అక్కడే చెప్పాలి. ఇదివరకు ఇలాంటి మందు ఒంటికి పడక ఇబ్బంది అయిందా, ఆస్తమా, థైరాయిడ్ ఉన్నాయా అన్నది ముందే చెప్పండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటుంటే ఆపాలో లేదో స్కాన్ సెంటర్ వాళ్లనే అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

శ్రోత: కరీంనగర్‌లో మొన్ననే ఒకటి తీశారు మేడమ్, కడుపుదే.

డాక్టర్: అది ఇప్పుడు రాసిన డాక్టర్ చూశారా?

శ్రోత: లేదు మేడమ్, చెప్పలేదు.

డాక్టర్: అయితే ముందు ఆ ఫిల్మ్‌లు, సీడీ తీసుకుని ఆయన దగ్గరికి పోండి. దానితోనే సరిపోతుందేమో, మళ్లీ తీయాల్సిన పని పడకపోవచ్చు.