టికెట్ లేని సముద్రం

శ్రోతలకు నమస్కారం.

సెలవులొస్తే మన వరంగల్, హనుమకొండ ఇళ్ళల్లో పిల్లల నోట మొదట వచ్చే మాట విశాఖపట్నం. ఆ మాట వినగానే పెద్దవాళ్ళకు ఖర్చు టెన్షన్ మొదలవుతుంది. రైలు చార్జీలు, లాడ్జి, ఆటోలు, ఆపైన చూసే ప్రతిచోటా మనిషికింత అని టికెట్. మొదటిసారి నేనూ అట్లాగే వెళ్ళాను. టూరు బస్సువాళ్ళు రెండు రోజుల్లో పదకొండు చోట్లకు తిప్పారు. దిగడం, లైన్లో నిలబడడం, టికెట్ కొనడం, మళ్ళీ బస్సెక్కడం. సముద్రం దగ్గర మాత్రం అరగంటే ఆపారు. ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే సగానికి సగం గేట్ల ముందు దిగినవే.

రెండోసారి సంక్రాంతి సెలవుల్లో మా అమ్మను తీసుకెళ్ళాను. మా అక్క కొడుకు కూడా వెంట వచ్చాడు. అమ్మ పాకాల చెరువు ఆయకట్టులో వ్యవసాయం చేసిన మనిషి. అరవై ఏళ్ళు దాటినా సముద్రం చూడలేదు. ఆ రెండు రోజుల్లో చూడడం కోసం మేం ఒక్క రూపాయి ఇవ్వలేదు. అక్కడ ఏం చూశామో చెబుదామనే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

సాయంత్రం వరంగల్ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతాం. చలికాలమైతే దిగిన రోజే సూర్యోదయం అందుతుంది. ఎండాకాలంలో మాత్రం మరుసటి రోజు చూడాల్సిందే, ఎందుకంటే అక్కడ పొద్దు మనకంటే పావుగంట ముందే పొడుస్తుంది. మేం సామాను పక్కన పెట్టుకుని ఆర్కే బీచ్ ఇసుకలో కూర్చున్నాం. నీళ్ళలోంచి ఎర్రటి బిళ్ళ పైకి లేస్తుంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక మాటంది: "ఇన్ని నీళ్ళు గిట్ల ఊకెనే ఉన్నయి, ఒక్క మడికన్న పారవు గదా బిడ్డా!" తూము ఎప్పుడు ఎత్తుతారా అని జీవితమంతా ఎదురుచూసిన మనిషికి తప్ప ఆ మాట ఇంకెవరికీ రాదు. పాకాల నీళ్ళు మున్నేరై కృష్ణలో కలుస్తాయి, రామప్ప నీళ్ళు గోదావరి దారి పడతాయి, రెండూ చివరికి ఈ బంగాళాఖాతంలోకే వస్తాయని చెప్పాను. "అయితే మనయే" అంది.

అక్కడి నుంచి చేపల రేవుకు వెళ్ళాం. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే సందడి అయిపోతుంది. మన ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తిరిగినవాళ్ళకు ఆ హడావిడి కొత్తేం కాదు. మరబోట్ల నుంచి గంపలు దిగుతుంటాయి, పక్కనే వేలంపాట నడుస్తుంటుంది, ఐసు చిప్పలు చిమ్ముతుంటాయి. కొర్రమీను, రవ్వ, బొచ్చె తప్ప తెలియని మనకు అక్కడ కోనాం, చందువ, కానాగంతలు, నెత్తళ్ళు పరిచయమవుతాయి. చేపలమ్మే ఆడవాళ్ళు ఓపికగా పేర్లు చెప్పారు. వాళ్ళ పనికి అడ్డం రాకుండా నిలబడితే చాలు. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. వేసవిలో వెళ్ళేవాళ్ళకు రేవులో బోట్లన్నీ కట్టేసి కనిపిస్తాయి, వలలు బాగుచేసుకునే పని చూడొచ్చు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మనం చెరువుల ఊళ్ళవాళ్ళం. నీళ్ళు కదలకుండా ఉన్నచోట దిగడం మనకు అలవాటు. సముద్రంలో ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా. అవి ఒక్కచోట దారి చేసుకుని, సన్నటి పాయలాగా వేగంగా లోపలికి లాగుతాయి. ఆ దారిలో అలలు అంతగా విరగవు, అందుకే పైకి అక్కడే నెమ్మదిగా కనిపిస్తుంది. మా అక్క కొడుకు సరిగ్గా అలాంటి చోటే దిగబోయాడు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన "బాబూ, అక్కడొద్దు!" అని కేక వేయకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ పాయ దాటాలి, ఆ తర్వాత అలలతో పాటు బయటికి రావాలి. ఈత వచ్చినా రాకపోయినా మోకాళ్ళ లోతు దాటకపోవడమే మంచిది. పిల్లల చేయి వదలకండి.

మధ్యాహ్నం భీమిలి సిటీ బస్సెక్కాం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, రుషికొండ దాటాక సముద్రం మీ పక్కనే వస్తుంది. భీమిలి చేరకముందే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళ కింద సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి మోసుకొచ్చిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. ఇలాంటి తీర దిబ్బలు మన దేశంలో ఇక్కడ, తమిళనాడులో మాత్రమే చెప్పుకోదగ్గవి. మా అమ్మ మాత్రం వాటిని చూసి "మన చెలక లెక్కనే ఉన్నది" అని కింద కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుంది. గుప్పెడు తీసి మళ్ళీ అక్కడే పోసింది. మీరూ అలాగే చేయండి, ఇంటికి తేవద్దు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కూడా చూశాం, మనవైపు నది చివర చూసే అవకాశం లేదు కదా.

సాయంత్రం మళ్ళీ బీచ్‌కే వచ్చాం. 1971 యుద్ధంలో పాల్గొన్న కురుసుర జలాంతర్గామి ఒడ్డునే ఉంటుంది. లోపలికి టికెట్, కానీ బయటి నుంచి దాని పొడవు చూసే మావాడు నోరు తెరిచాడు. నీళ్ళు పొద్దున కంటే చాలా వెనక్కి వెళ్ళాయి. కష్టసుఖాలకు మనం వాడే ఆటుపోట్లు అనే మాట అక్కడ కళ్ళెదుట జరుగుతుంటుంది. పోటు నుంచి ఆటుకు సుమారు ఆరు గంటలు. పున్నమికి, అమావాస్యకు ఎక్కువ. తడి ఇసుకలో చిన్న ఎండ్రకాయలు బొరియలు తవ్వుతుంటే మావాడు గంటసేపు కదల్లేదు. అక్కడ వాటిని పీతలంటారు. చీకటి పడ్డాక రేవులోకి వెళ్ళే వంతు కోసం దూరంగా ఆగిన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

అమ్మ ఆ పూటంతా పచ్చీసుకు గవ్వలు ఏరింది. ఎక్కువగా ఉత్త గుల్లలే దొరికాయి. ఇంకా రెండు గవ్వలు తక్కువున్నాయట, ఈసారి పున్నమి చూసుకుని పోదామంటోంది.